అంగడి గుమ్మం నుంచి కంప్యూటరు తెర దాకా

వ్యాపారానికి వెబ్‌సైటు కట్టడం నిన్నమొన్న పుట్టిన విద్య అని చాలామంది అభిప్రాయం. తెర కొత్తదే గాని, తెర వెనుక ఉన్న ప్రశ్న మాత్రం పాతది. కొనవచ్చిన మనిషి గుమ్మం దగ్గర తడబడకుండా లోపలికి వచ్చి, కావలసిన సరుకు ఎక్కడున్నదో తేలికగా చూసుకొని, ధర తెలుసుకొని, నమ్మకంతో డబ్బిచ్చి వెళ్లాలంటే కొట్టును ఎలా అమర్చాలి? సంతలో బియ్యం అమ్మేవాడు బస్తా మూతి విప్పి, అంచు మడిచి, గింజలు కనబడేటట్లు పెడతాడు. బట్టల కొట్టువాడు మడత విప్పి చీర కొంగు ముందుగా చూపిస్తాడు. ఇవి పుస్తకాలు చదివి నేర్చిన విద్యలు కావు. కొనే మనిషి ఎదురుగానే ఉంటాడు కనుక ఆయన మొహం చూస్తే చాలు, ఏది అర్థమయిందో, ఏది కాలేదో తెలిసిపోతుంది.

కొనే మనిషి ఎదురుగా లేనప్పుడు ఏమిటి గతి? అసలు చిక్కు అక్కడ మొదలయింది. వెబ్‌సైట్ల చరిత్ర చెప్పవలసివచ్చినప్పుడు కంప్యూటర్ల కంటె ముందు టపా వ్యాపారాన్ని తలచుకోవడం న్యాయం.

1872లో అమెరికాలోని చికాగో నగరంలో ఆరన్ మాంట్‌గొమరీ వార్డ్ అనే వర్తకుడు 163 సరుకుల పేర్లూ ధరలూ ఒకే కాగితం మీద అచ్చువేయించి పల్లెటూరి రైతులకు పంపాడు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కొట్టువాడు చెప్పిన ధరకు కొనవలసిన రైతులు వాళ్లు. దూరాన ఉన్న అపరిచితుడికి డబ్బు పంపడానికి సందేహించడం సహజం. అందుకని 1875లో ఆయన, సరుకు నచ్చకపోతే డబ్బు వాపసు ఇస్తానని అచ్చులో మాట ఇచ్చాడు. ఆయన వెనుక వచ్చిన సియర్స్ రోబక్ కంపెనీవారు ఇంకొక అడుగు ముందుకు వేశారు. కొలతలు ఎలా తీసుకోవాలో, ఆర్డరు కాగితం ఎలా నింపాలో విడమరచి చెప్పడమే కాక, మీకు వచ్చిన భాషలోనే రాయండి, రాత బాగాలేకపోయినా ఫరవాలేదు, అర్థం చేసుకొనే పూచీ మాది అన్నారు. యూరపు దేశాల నుంచి వలస వచ్చిన కుటుంబాలకు ఆ మాట ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో, పరదేశంలో ఇంకొకరి భాషలో కాగితాలు నింపిన మన పెద్దల సంతతికి వేరే చెప్పనక్కరలేదు. సియర్స్ వారి పుస్తకాన్ని వార్డ్ పుస్తకం కంటె కొంచెం చిన్న సైజులో వేయించారనీ, ఇంట్లో రెండూ దొంతి పెట్టినప్పుడు చిన్నదే పైన ఉంటుందని ఎత్తు వేశారనీ చెబుతారు. అదే ఎత్తు నేడు తెర మీద వేరే రూపాల్లో నడుస్తున్నది.

ఇక కంప్యూటరు సంగతికి వద్దాం. స్విట్జర్లాండులో జెనీవా నగరం దగ్గర ఉన్న సెర్న్ పరిశోధనాలయంలో టిం బర్నర్స్ లీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1989 మార్చిలో ఒక ప్రణాళిక రాసి పై అధికారికిచ్చాడు. ఒక కాగితంలోని మాటను తాకితే ఇంకెక్కడో ఉన్న మరొక కాగితం తెరచుకొనే ఏర్పాటు అది. 1991 ఆగస్టులో అది బయటి ప్రపంచానికి తెలిసింది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ వారు ఈ విద్యను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని ప్రకటించారు. ఆ ప్రకటనే లేకుంటే ఈ వ్యాసానికి విషయమే ఉండేది కాదు. అదే సంవత్సరం ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి మొజాయిక్ అనే సాధనం వచ్చి, రాతకూ బొమ్మకూ ఒకే పుటలో చోటు కల్పించింది. బొమ్మ కనబడగానే వర్తకులు పరుగెత్తుకు వచ్చారు. 1995 జూలైలో అమెజాన్ పుస్తకాల కొట్టు తెరచింది.

వచ్చినవారిలో ఎక్కువమంది చేసిన పని ఏమిటంటే, తమ దగ్గర ఉన్న రంగుల కరపత్రాన్ని అలాగే తెర మీదకు ఎక్కించడం. మొదటి పుటలో యజమాని ఫొటో, కింద కంపెనీ ఆశయాలు, మిణుకు మిణుకుమనే అక్షరాలు, ఇంతవరకు ఎంతమంది చూశారో చెప్పే అంకెల పెట్టె. కొన్నిచోట్ల పలుగూ పారా పట్టుకున్న కూలీ బొమ్మ వేసి ‘పని జరుగుతున్నది’ అని బోర్డు. ధర ఎంత, ఎలా కొనాలి అన్నవి మాత్రం వెతికి పట్టుకోవాలి. పైగా ఆనాటి టెలిఫోను లైను సెకనుకు 28.8 కిలోబిట్లు, అంటే సుమారు మూడున్నర కిలోబైట్లు మోసేది. వంద కిలోబైట్ల బొమ్మ పెడితే అది తెర మీదకు దిగడానికి దాదాపు అరనిమిషం. తలుపు తట్టిన చుట్టాన్ని అరనిమిషం బయట నిలబెట్టి, ఆ తరువాత యజమాని ఫొటో చూపించినట్టు అన్నమాట.

ఈ పద్ధతి తప్పని గట్టిగా చెప్పినవారిలో డెన్మార్కు దేశస్థుడు యాకబ్ నీల్సన్ ముఖ్యుడు. సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీలో పనిచేస్తూ 1995 నుంచి వెబ్‌సైట్ల తీరుతెన్నులపై వరుసగా వ్యాసాలు రాశాడు. మనిషి ఓర్పుకు ఆయన చెప్పిన కొలతలు నేటికీ చెల్లుతున్నవి. మీట నొక్కిన తరువాత సెకనులో పదోవంతు లోపల ఫలితం కనబడితే తానే ఆ పని చేసినట్టు మనిషికి తోస్తుంది. ఒక సెకను వరకు ఆలోచన తెగదు. పది సెకన్లు దాటితే మనసు మరొక పని మీదకు పోతుంది. ఆయన చెప్పిన మరొక మాట చిన్న వ్యాపారులకు ఎక్కువ పనికివచ్చేది. సైటు సులువుగా ఉన్నదో లేదో తేల్చడానికి వందలమందిని పిలిచి లక్షలు ఖర్చుపెట్టనక్కరలేదు. అయిదుగురిని కూర్చోబెట్టి, ఒక పని చెప్పి, వాళ్లు చేసేది నోరు మెదపకుండా చూస్తే చాలు. మొదటి మనిషే ఉన్న చిక్కుల్లో మూడోవంతు దాకా బయటపెడతాడు. రెండోవాడు కొన్ని పాతవీ కొన్ని కొత్తవీ చూపిస్తాడు. అయిదోవాడి దగ్గరకు వచ్చేసరికి నూటికి 85 చిక్కులు తేలిపోతాయి. 2000 సంవత్సరంలో ఆయన ఈ లెక్క ప్రకటించాడు. నోరు మెదపకుండా చూడటమే అందులో కష్టమైన భాగం. ‘అక్కడ కాదండీ, ఆ పక్క మీట నొక్కండి’ అని చెప్పాలని ఎవరికైనా నాలుక దురదపెడుతుంది.

ఈ మాటలు విననివారి కథ కూడా చెప్పుకోవాలి. లండను నగరంలో బూ డాట్ కామ్ అనే బట్టల వ్యాపారం 1999 నవంబరులో తెరచుకున్నది. స్వీడను యువకులు పెట్టిన సంస్థ. డబ్బుకు కొదవలేదు. దుస్తులను అన్ని వైపుల నుంచి తిప్పి చూడవచ్చు, తెర మీద ఒక బొమ్మ అమ్మాయి నిలబడి సలహాలు చెబుతుంది. ఒకేసారి 18 దేశాల్లో, ఎన్నో భాషల్లో, ఎన్నో నాణేల్లో మొదలుపెట్టారు. ఇన్ని హంగులూ మోయగల టెలిఫోను లైను మాత్రం కొనేవారి ఇళ్లలో లేదు. పుటలు దిగేసరికి కొనాలన్న కోరిక చల్లారేది. సుమారు 13.5 కోట్ల డాలర్లు హరించుకొని, తెరచిన ఆరు నెలలకే, 2000 మేలో కొట్టు మూతపడింది. అక్కడ సిబ్బందికి తెలివి తక్కువ అనలేము. వాళ్లు కట్టినవాటిలో కొన్ని ఆ తరువాత పదేళ్లకు అందరూ వాడుకున్నవే. తమ ఆఫీసులోని వేగమైన లైనుతో చూసుకొని మురిసిపోవడమే వాళ్లు చేసిన పొరపాటు. అదే కాలంలో గూగుల్ అనే కొత్త సంస్థ తెల్లని పుట మీద ఒక పేరూ ఒక గడీ పెట్టి ఊరుకున్నది. స్టీవ్ క్రగ్ అనే రచయిత 2000 సంవత్సరంలోనే ‘డోంట్ మేక్ మి థింక్’ అని పేరుపెట్టి చిన్న పుస్తకం వేశాడు. చూసేవాడిని ఆలోచనలో పడవేయకు అన్న ఆ పేరులోనే పుస్తకమంతా ఉన్నది.

ఒక్క మీట విలువ ఎంత ఉంటుందో జేరెడ్ స్పూల్ అనే నిపుణుడు 2009లో రాసిన ఉదంతం చెబుతుంది. ఒక పెద్ద వర్తక సంస్థ సైటులో సరుకులు ఎంచుకున్నవారికి, డబ్బు కట్టే ముందు, సభ్యుడిగా పేరు నమోదు చేసుకోమనే పుట అడ్డం వచ్చేది. మళ్లీ వచ్చినప్పుడు సులువుగా ఉంటుందని సంస్థవారి ఉద్దేశం. కొనేవారు మాత్రం ‘నేను సరుకు కొనడానికి వచ్చాను గాని చుట్టరికం కలుపుకోవడానికి కాదు’ అనే ధోరణిలో తిరిగిపోయేవారు. పాతవారిలో ఎంతోమంది రహస్యపదం మరిచిపోయి ప్రతిసారీ కొత్త ఖాతా తెరిచేవారు. ఆ మీట తీసివేసి, ‘కొనసాగండి’ అనే మీట పెట్టి, ఖాతా అవసరం లేదని ఒక చిన్న వాక్యం రాశారు. కొనుగోళ్లు నూటికి 45 పెరిగాయనీ, మొదటి సంవత్సరం ముప్ఫై కోట్ల డాలర్ల అదనపు రాబడి వచ్చిందనీ ఆయన లెక్క. అప్పు పుస్తకంలో పేరు రాయనిదే ఉప్పు పొట్లం కూడా కట్టనన్న కొట్టువాడిని ఎవరమైనా చూశామా?

మన తెలుగువారికి గర్వకారణమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. నిజామాబాదు యువకుడు ఫణీంద్ర సామ బెంగుళూరులో ఇంజనీరు ఉద్యోగం చేస్తూ 2005 దీపావళికి ఇంటికి పోదామని బస్సు టిక్కెట్టు కోసం ఏజెంటు తరువాత ఏజెంటు దగ్గరకు తిరిగాడు. ఎక్కడా దొరకలేదు. బస్సుల్లో చోటు లేక కాదు. ఒక్కొక్క ఏజెంటు దగ్గర కొన్ని సీట్లు ఉంటాయి, ఎవరి దగ్గర ఏ సీటు మిగిలిందో రెండోవాడికి తెలియదు. స్నేహితులతో కలిసి ఆయన 2006లో రెడ్‌బస్ ప్రారంభించాడు. ఖాళీ సీట్ల సమాచారమంతా ఒకచోటికి చేర్చడం ఒక ఎత్తు, దానిని చూపిన తీరు ఒక ఎత్తు. బస్సు లోపలి సీట్ల పటం గీసి, ఏది ఖాళీయో ఏది నిండినదో రంగుతో చూపి, కిటికీ పక్కదో నడవ పక్కదో ప్రయాణికుడే వేలు పెట్టి ఎంచుకొనేటట్టు చేశారు. చదువు తక్కువైనవారికి కూడా బస్సు బొమ్మ అర్థమవుతుంది. 2013లో ఆ సంస్థను ఐబీబో వారు కొన్నారు. నమ్మకం విషయంలోనూ భారతదేశం సొంత దారి వేసుకున్నది. తెరకు డబ్బు అప్పగించడానికి జంకే జనానికి ఫ్లిప్‌కార్ట్ 2010లో, సరుకు ఇంటికి వచ్చాకే డబ్బివ్వండి అని ఏర్పాటు చేసింది. వార్డ్ 1875లో ఇచ్చిన మాటకు ఇది తమ్ముడు అనవచ్చు.

2007లో ఐఫోను వచ్చాక పెద్ద తెర కోసం గీసిన పుటలన్నీ అరచేతిలో ఇమడక ఇబ్బందిపెట్టాయి. తెర వెడల్పును బట్టి పుట తానే సర్దుకొనే పద్ధతిని ఈథన్ మార్కాట్ 2010లో వివరించాడు. సాంకేతికులు దానిపై సంపుటాలు రాశారు కనుక ఇక్కడ ఇంతే.

చూపు సంగతి మాత్రం దాటవేయరాదు. కళ్లు లేనివారు కంప్యూటరు చదివి వినిపిస్తుండగా సైట్లను వాడతారు. బొమ్మకు పక్కన మాటలు రాయకపోతే ఆ యంత్రానికి అది వట్టి గోడ. 1999 మేలోనే వెబ్ ప్రమాణాల సంస్థవారు ఇందుకు నియమాలు ప్రకటించారు. వర్తకులు చాలాకాలం వాటిని పట్టించుకోలేదు. 2006లో అమెరికా అంధుల సమాఖ్య టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థ మీద కోర్టుకెక్కింది. 2008లో అరవై లక్షల డాలర్లతో రాజీ కుదిరాక మిగతావారికి మెలకువ వచ్చింది. అదే సంవత్సరం వచ్చిన కొత్త నియమాల్లో అక్షరానికీ దాని వెనుక రంగుకీ మధ్య తేడా కనీసం నాలుగున్నర రెట్లు ఉండాలని కొలత పెట్టారు. బూడిద రంగు కాగితం మీద ఇంకొంచెం ముదురు బూడిద అక్షరాలు వేసి ‘ఎంత నాజూకుగా ఉన్నదో’ అనుకొనేవారు, ఆ పుటను ఒకసారి ఇంట్లో అరవై దాటినవారి చేతికివ్వడం మంచిది.

ఇంతవరకు చెప్పినది లోకానికంతా సంబంధించినది. మన భాష ఈ తెర మీదకు ఎలా వచ్చిందన్నది వేరే కథ. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాల గది కేటాయించారు. స్థానమైతే దొరికింది గాని, ఇంట్లో కంప్యూటరు ఆ అక్షరాలను గుణింతాలతో ఒత్తులతో సరిగ్గా చూపడానికి మరో పదేళ్లు పట్టింది. ఈలోగా అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగును ఖచ్చితంగా రాసే పద్ధతి ఒకటి కల్పించారు. పత్రికలు ఎవరి అచ్చు వారు తయారుచేసుకున్నాయి. ఒకరి అచ్చు మరొకరి పుటలో పనిచేసేది కాదు. వ్యాపారులేమో తెలుగు మాటలను బొమ్మగా గీయించి అతికించేవారు. బొమ్మలోని మాట వెతికితే దొరకదు, అంధులకు వినబడదు, పెద్దది చేస్తే అలుక్కుపోతుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు అచ్చు చేరాక దారి సుగమమైంది. 2003 చివర తెలుగు వికీపీడియా మొదలయింది. ఆ తరువాత కూడా వింతలు జరగకపోలేదు. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అక్షరం సందేశంగా వస్తే ఐఫోనులో ఆ పనిముట్టు కుప్పకూలిపోయేది. ఆపిల్ వారు కొద్దిరోజుల్లోనే సరిదిద్దారు. జ్ఞానాన్ని భరించలేని ఫోను అని మనవాళ్లు నవ్వుకొనే ఉంటారు.

తరతరాలుగా పరదేశంలో ఉన్న మన కుటుంబాల్లో తెలుగు వినబడితే అర్థమై, అక్షరం మాత్రం చదవలేని పిల్లలు ఎందరో ఉన్నారు. అందుచేత మన మధ్య పచ్చళ్లో చీరలో పూజాసామగ్రో అమ్మేవారి సైటు వట్టి తెలుగు అక్షరాల్లో ఉంటే మనవలు తప్పుకుంటారు. వట్టి ఇంగ్లీషులో ఉంటే అది ఎవరి కొట్టో తెలియదు. రెండూ పక్కపక్కన ఉండటమే నా దృష్టిలో సరి. అప్పుడొక చిక్కు వస్తుంది. పులిహోర, గోంగూర వంటి మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు రాస్తారు. వెతికే గడి ఒకే ఒక్క వర్ణక్రమాన్ని ఒప్పుకుంటే, సరుకు అలమారలో ఉండగానే ‘లేదు’ అని జవాబు వస్తుంది.

ఈ వర్ణక్రమం దెబ్బ మన వంశాలకు కొత్త కాదు. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మదరాసు నుంచి నేటాలుకు చేరింది. అది మొదలు 1911 దాకా దక్షిణాఫ్రికాలోని ఆ సీమకు వెళ్లిన కూలీలు సుమారు 1,52,000 మంది. ఓడ పట్టీలో ఒక్కొక్కరికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం అని గళ్లు గీసి ఉండేవి. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. నాయుడు అన్న బిరుదు అక్కడ నాయిడూ అయి ఇంటిపేరుగా స్థిరపడింది. ఫ్రెంచి ప్రభావంలోని మారిషస్‌లో పేర్లు మరొక పోకడ పోయాయి. అసలు ఇంటిపేర్లకు పట్టీలో గడి లేదు. గడి లేనందుకే ఎన్నో కుటుంబాల్లో ఇంటిపేరు రెండు తరాల్లో మరుగునపడింది. నేడు ఆ పట్టీలు కంప్యూటరుకెక్కాయి. తాత పేరు వెతికే మనవడికి ఏ గుమాస్తా ఏ అక్షరం వేశాడో తెలియదు గనుక, దగ్గర ఉచ్చారణలను కూడా పట్టి చూపే సైటులోనే తాత దొరుకుతాడు.

మలేషియాలోని మనవారి చిక్కు ఇంకొక రకం. అక్కడ గుర్తింపు కార్డు మీద పేరు తరువాత ‘ఏ/ఎల్’ అని వేసి తండ్రి పేరు రాస్తారు. మలయ భాషలో ‘అనక్ లెలాకి’, అంటే కొడుకు. కూతురయితే ‘ఏ/పీ’. ఈ పేరును వ్యాపార సైటులో ఉన్నదున్నట్టు నింపితే చాలాచోట్ల ఎర్రరంగులో ‘పేరు చెల్లదు’ అని వస్తుంది. ఎందుకంటే, ఆ గడిని కట్టినవారు ఇంగ్లీషు అక్షరాలు తప్ప మరేదీ పేరులో ఉండదని నియమం పెట్టారు. విమానం టిక్కెట్ల దగ్గర ఇది మరీ ముదురుతుంది. ఆ వ్యవస్థలో ఇంటిపేరునూ సొంత పేరునూ విడదీయడానికి వాడేది సరిగ్గా ఆ ఏటవాలు గీతే. పేరులోనే ఆ గీత ఉంటే ఎక్కడ పేరు ముగిసిందో యంత్రానికి తెలియదు. అది తీసేసి నింపితే టిక్కెట్టు మీద ఒక పేరు, పాస్‌పోర్టు మీద ఒక పేరు. పైగా ఇంటిపేరు తప్పనిసరి అన్న గడిలో తండ్రి పేరు రాయవలసివస్తుంది. సైటు ఉత్తరం పంపినప్పుడు కొడుకును తండ్రి పేరుతో పిలుస్తుంది. ఆంధ్ర, తెలంగాణల నుంచి ఇటీవల వచ్చినవారికి ఇది తలకిందుల చిక్కు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఇంగ్లీషువారికి చివర వస్తుంది. ‘మొదటి పేరు’ అని ఉన్న గడిలో ముందు వచ్చే ఇంటిపేరు రాయడం అమాయకత్వం కాదు, ఆ మాటకు అక్షరాలా అర్థం అదే.

2010లో ప్యాట్రిక్ మెకెంజీ అనే ప్రోగ్రామరు, పేర్ల గురించి తన వృత్తివారు పెట్టుకున్న తప్పుడు నమ్మకాల జాబితా ఒకటి రాసి ప్రకటించాడు. ప్రతి మనిషికీ రెండు పేర్లుంటాయి, పేరు ఎప్పటికీ మారదు, ఒకే లిపిలో ఉంటుంది వంటివి అందులో ఉన్నవి. వెబ్ ప్రమాణాల సంస్థవారు కూడా లోకంలోని పేర్ల తీరులపై ఒక వివరణ ప్రకటించారు. వీలయినచోట మొదటి పేరు, చివరి పేరు అని విడగొట్టక, పూర్తి పేరుకు ఒకే ఒక పొడుగాటి గడి ఇవ్వడం, మిమ్మల్ని ఏమని పిలవమంటారని కావాలంటే వేరుగా అడగడం అందులోని సలహా సారాంశం. ఆ గడి కట్టడానికి రెండు గళ్ల కంటె తక్కువ పని పడుతుంది.